పోయినవాటికీ గోడ మీద చోటు: ఆధునిక జర్మన్ కళ, మొరసునాటి వీరగల్లులు



ఏటా మేష్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసంలో ఇంతవరకు సాహిత్యం గురించి, మన బడుల గురించి, ఈ సరిహద్దు నేల మీద తెలుగు బతుకు గురించి పెద్దలు మాట్లాడారు. ఈసారి నేను బొమ్మల గురించి మాట్లాడతాను. అవి మన బొమ్మలు కావు, జర్మనీవాళ్ళవి. బెర్లిన్‌లో ఒక మ్యూజియం తన దగ్గరున్న ఆధునిక చిత్రాల్లో, శిల్పాల్లో మేలిమివి ఏరి జనం ముందు పెట్టింది. ఆ పెట్టిన పద్ధతిలో మొరసునాటి హోసూరు, కృష్ణగిరి ప్రాంతంవాళ్ళం నేర్చుకోవలసింది ఉందని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు చెప్పడానికే వచ్చాను.

మేష్టారు మాకు బడిలో డ్రాయింగు చెప్పేవారు. ఆయన పీరియడు వస్తే పిల్లలు గదిలో ఉండేవాళ్ళు కారు. చెరువు కట్ట మీదికో, చేని గట్టు మీదికో తీసుకుపోయి వీరగల్లు ముందు, అంటే పోరులో చనిపోయిన వీరుడి కోసం నిలబెట్టిన రాయి ముందు, కూర్చోబెట్టి గియ్యమనేవారు. కత్తి పట్టిన చెయ్యి ఎటు తిరిగింది, విల్లు ఏ చేతిలో ఉంది, కాళ్ళ దగ్గర ఆవు ఉందా లేదా, అన్నీ చూసి గియ్యాలి. రాయి అరిగిపోయిన చోట కాగితం మీద కూడా ఖాళీ వదలాలి. ఊహించి నింపితే ఒప్పుకునేవారు కారు. ఎంత బాగా నింపినా సరే, రబ్బరు తీసుకుని చెరిపేయమనేవారు. బెర్లిన్ మ్యూజియంలో నాకు ఆయనే గుర్తుకొచ్చారు.

ఆధునిక జర్మన్ కళ మన దేశానికి మరీ కొత్త కాదు. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ జరిపిన ప్రదర్శనకు జర్మనీలోని వైమార్ నుంచి బౌహౌస్ అనే కళాశాల కళాకారుల పనులు వచ్చాయి. కాండిన్‌స్కీ, పాల్ క్లే, ఫైనింగర్, ఇట్టెన్ వంటివాళ్ళవి. శాంతినికేతన్‌లో పాఠాలు చెబుతున్న స్టెల్లా క్రామ్రిష్ ఉత్తరాలు రాసి వాటిని రప్పించింది. అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్ల చిత్రాలున్న ప్రదర్శనలోనే అవీ వేలాడాయి. అంతకు మూడేళ్ళ ముందు బెర్లిన్‌లో అంతకన్నా సాహసమైన పని ఒకటి జరిగింది. యుద్ధంలో ఓడి, కైజరు దిగిపోయిన మరుసటి ఏడు, 1919లో, జాతీయ చిత్రశాల డైరెక్టరు లూట్‌విగ్ యుస్టి ఖాళీగా ఉన్న యువరాజు భవనాన్ని తీసుకుని బతికున్న కళాకారుల పనులు అందులో పెట్టాడు. ప్రభుత్వ సొమ్ముతో, రాజభవనంలో, ఇంకా రంగు తడి ఆరని చిత్రాలు! తర్వాత న్యూయార్క్‌లో మోడరన్ ఆర్ట్ మ్యూజియాన్ని నడిపిన ఆల్ఫ్రెడ్ బార్ కూడా ఆ భవనం చూసి నేర్చుకున్నవాడే.

1933లో హిట్లర్ వచ్చాడు, యుస్టి పదవి పోయింది. 1937లో ఒక కమిటీ దేశంలోని మ్యూజియంలన్నీ తిరిగింది. గోడల మీంచి, గోదాముల్లోంచి ఆధునిక చిత్రాలు, శిల్పాలు, అచ్చు బొమ్మలు ఎత్తుకుపోయారు. దాదాపు వంద మ్యూజియంల నుంచి మొత్తం 20,000కు పైగా. కిర్ష్‌నర్ అనే ఒక్క చిత్రకారుడివే 639. మరుసటి ఏడు జూన్‌లో కిర్ష్‌నర్ స్విట్జర్లాండ్‌లో తనను తానే కాల్చుకుని చనిపోయాడు.

ఎత్తుకుపోయినవాటిలో సుమారు 650 ఏరి 1937 జులై 19న మ్యూనిక్‌లో ప్రదర్శన పెట్టారు. పేరు ‘భ్రష్ట కళ’. ఇరుకు గదులు, కిక్కిరిసిన గోడలు, కొన్ని చిత్రాలు వంకరగా తాళ్ళకు వేలాడుతూ. చుట్టూ గోడల మీద వెక్కిరింపు రాతలు. చాలావాటి పక్కన, ప్రజల పన్నుల డబ్బుతో ఫలానా మ్యూజియం ఇంతకు కొన్నదని చీటీ అంటించారు. అందులో ఒక కుట్ర ఉంది. 1923 ప్రాంతంలో జర్మనీలో డబ్బుకు విలువ పోయి రొట్టె కొనాలన్నా లక్షలు, కోట్ల మార్కులు పోయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కొన్న చిత్రాలకు ఆ అంకెలే వేసి, ఆ మార్కు విలువ ఎంతో చెప్పకుండా వదిలేశారు. చూసినవాడి కడుపు మండాలని. టిక్కెట్టు లేదు. 20 లక్షల మందికి పైగా చూశారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. మనం మ్యూజియం అనగానే మంచిదే అనుకుంటాం. ప్రదర్శన అనగానే గౌరవమే అనుకుంటాం. మ్యూనిక్‌లో పెట్టింది కూడా మ్యూజియంల సేకరణల్లోంచి ఏరి కూర్చిన ప్రదర్శనే. నిన్నటిదాకా ఊరి గర్వంగా వేలాడిన చిత్రాలే అవి. బొమ్మలో ఒక గీత కూడా మారలేదు, మారింది పక్కనున్న చీటీ. అంచేత ఏ మ్యూజియానికైనా వెళ్ళినప్పుడు బొమ్మతో పాటు చీటీ కూడా చదవమని విద్యార్థులకు చెబుతున్నాను. అది ఎవరు రాశారు, ఏం చెప్పారు, ఏం దాచారు అన్నది బొమ్మంత ముఖ్యం.

ఇప్పుడు నేను చూసిన మ్యూజియం సంగతి. నోయె నాట్సియోనాల్‌గ్యాలరీ, అంటే కొత్త జాతీయ చిత్రశాల. యుస్టి కూడబెట్టినవాటిలో మిగిలినవి, యుద్ధం తర్వాత వెతికి వెతికి కొన్నవి, కానుకగా వచ్చినవి అక్కడ ఉన్నాయి. భవనం గీసింది మీస్ వాన్ డెర్ రోహె. బౌహౌస్ మూతపడ్డప్పుడు దానికి అధిపతి ఆయనే. నాజీల కాలంలో దేశం విడిచి అమెరికా పోయిన మనిషి చేత 1968లో బెర్లిన్ మళ్ళీ మ్యూజియం కట్టించుకుంది. చుట్టూ అద్దాలు, పైన ఉక్కు కప్పు, సేకరణంతా కింది అంతస్తులో. ఏళ్ళ తరబడి మరమ్మతు జరిగాక 2021 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. అప్పుడు 1900 నుంచి 1945 దాకా ఉన్న సేకరణలోంచి మేలిమి పనులు పెట్టి ‘సమాజపు కళ’ అని పేరు పెట్టారు.

కిర్ష్‌నర్ 1914లో గీసిన పోట్స్‌డామర్ ప్లాట్స్, ఓటో డిక్స్ 1920 నాటి పేకాటగాళ్ళు, గ్రోస్ 1926లో గీసిన ‘సమాజ స్తంభాలు’, హన్నా హోఖ్ పత్రికల బొమ్మలు కత్తిరించి అతికిన పెద్ద కూర్పు, వీటి గురించి కళా చరిత్ర పుస్తకాల్లో బోలెడంత ఉంది, చదువుకోవచ్చు. డిక్స్ పేకాటగాళ్ళను మాత్రం ఒక్క క్షణం తలుచుకోకుండా ఉండలేను. ముగ్గురూ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళే. ఒకడికి కాళ్ళు లేవు, ఒకడి దవడ లోహానిది, ఒకడు పేకముక్కల్ని కాలి వేళ్ళతో పట్టుకున్నాడు. ఎవరి ముఖంలోనూ ఏడుపు లేదు. ఆట మీదే దృష్టి.

నేను ఎక్కువసేపు నిలబడింది లొట్టె లాసెర్‌స్టైన్ 1930లో గీసిన ‘పోట్స్‌డామ్ మీద సాయంకాలం’ ముందు. మిద్దె మీద పొడుగాటి బల్ల, చుట్టూ ఐదుగురు స్నేహితులు. మధ్యలో పసుపుపచ్చ గౌను వేసుకున్న అమ్మాయి. భోజనం అయిపోయింది. బల్ల మీద మిగిలిన రొట్టె, పళ్ళు. కింద కుక్క పడుకుని ఉంది. వెనక ఊరి గోపురాలు, మబ్బు కమ్మిన ఆకాశం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. విందు ముగిశాక లేచి వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పని ఘడియ అది. ఆ ఏడు సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలకు 107 స్థానాలు వచ్చాయి. చిత్రంలో రాజకీయం ఒక్క గీత లేదు, అయినా ఆ ఐదుగురూ ఏదో వింటున్నట్టే కూర్చున్నారు. లాసెర్‌స్టైన్ యూదు కుటుంబానికి చెందిన మనిషి. 1937లో స్వీడన్‌లో ప్రదర్శన ఉందన్న సాకుతో చిత్రాలు తీసుకుని దేశం దాటింది, మళ్ళీ కాపురానికి తిరిగి రాలేదు. జర్మనీ ఆమె పేరే మర్చిపోయింది. ఈ చిత్రం దశాబ్దాలపాటు స్వీడన్‌లో ఆమె దగ్గరే ఉండిపోయింది. బెర్లిన్ చిత్రశాల దాన్ని కొన్నది 2010లో, గీసిన ఎనభై ఏళ్ళకు.

అంత ఆలస్యంగా వచ్చిన చిత్రాన్ని ‘సమాజపు కళ’ ప్రదర్శనలో మేలిమి పనుల్లో ఒకటిగా నిలబెట్టారు. నాకు నచ్చిన పద్ధతి ఇదే. ఒక మ్యూజియం తన గొప్పల్ని మాత్రమే చూపిస్తే అది నగల దుకాణపు అద్దాల బీరువా అవుతుంది. ఏది ఎప్పుడు వచ్చింది, మధ్యలో ఎన్నేళ్ళు లేదు, ఎందుకు లేదు అన్నది కూడా చెబితే అప్పుడది ఊరి జ్ఞాపకం అవుతుంది.

పోయినవాటి సంగతి మరీ ముఖ్యం. ఫ్రాన్స్ మార్క్ 1913లో నీలి గుర్రాల గోపురం అనే పెద్ద చిత్రం గీశాడు. ఒకదాని వెనక ఒకటి నాలుగు గుర్రాలు, నీలం రంగులో. మూడేళ్ళకు వెర్డన్ యుద్ధంలో చనిపోయాడు. యుస్టి ఆ చిత్రాన్ని యువరాజు భవనంలో పెట్టాడు. 1937లో నాజీలు దాన్ని మ్యూనిక్‌కు తీసుకుపోయారు. దేశం కోసం ప్రాణమిచ్చిన సైనికుడి చిత్రాన్ని భ్రష్టం అంటారా అని మాజీ సైనికాధికారులు అభ్యంతరం చెబితే ప్రదర్శనలోంచి తీశారు. నాజీ నాయకుడు గోరింగ్ దాన్ని తన పరం చేసుకున్నాడు. ఆ తర్వాత అది ఏమైందో ఎవరికీ తెలియదు. 2010లో బెర్లిన్ చిత్రశాల తన సేకరణను కొత్తగా అమర్చినప్పుడు ఇలా పోయిన చిత్రాల నలుపు తెలుపు ఫోటోలు కూడా గోడల మీద పెట్టింది. రంగు రంగుల అసలు చిత్రాల మధ్య రంగులేని ఫోటోలు. ఇది మా దగ్గర ఉండేది, ఇప్పుడు లేదు, పోవడానికి కారణం మా ప్రభుత్వమే అని మ్యూజియమే ఒప్పుకున్నట్టు. చేతకానితనం అని కొందరు అనుకుంటారు. నాకైతే దీనికన్నా నిజాయితీగల పని కనిపించదు.

అదే ఏడాది బెర్లిన్‌లో మరో సంగతి జరిగింది. నగరసభ భవనం ఎదురుగా మెట్రో రైలు మార్గం కోసం తవ్వుతున్నారు. మధ్య యుగాల నాటి పునాదుల కోసం పురావస్తువాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు. జనవరిలో శిథిలాల మట్టిలోంచి ఒక కంచు తల బయటపడింది. చూస్తే పాతకాలపుది కాదు, ఆన్నీ మేవెస్ అనే నటి ముఖం, ఎడ్విన్ షార్ఫ్ చేసిన శిల్పం. ఆ ఏడు ముగిసేలోగా ఒకటొకటిగా, దానితో కలిపి 11 శిల్పాలు, ముక్కలు దొరికాయి. అన్నీ 1937లో మ్యూజియంల నుంచి లాక్కున్నవే. యుద్ధంలో బాంబులకు తగలబడి కూలిన ఒక ఇంటి నేలమాళిగలో అవి అన్నేళ్ళూ ఉండిపోయాయి. అక్కడ దొరికినవాటిలో ఎమీ రోడర్ 1918లో చేసిన గర్భిణి శిల్పం తల ఒకటి, ఓటో ఫ్రోయిండ్‌లిష్ చేసిన తల ముక్క ఒకటి. ఫ్రోయిండ్‌లిష్ చేసిన మరో శిల్పం ఫోటోనే నాజీలు భ్రష్ట కళ పుస్తకం అట్ట మీద వేశారు. 1943లో ఆయన్ను పోలండ్‌లోని నాజీ శిబిరానికి పంపి చంపారు.

ఆ శిల్పాలను తోమి మెరిపించి పెట్టలేదు. మసి, కాలిన మచ్చలు, విరుగులు అలాగే ఉంచి చూపించారు. విరిగిన ముక్కును తిరిగి అతికించలేదు. ఆ సంగతి చదివినప్పుడు మా బ్యాచ్‌లో మేష్టారు చెరిపించిన బొమ్మలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

ఇక మన రాళ్ళ దగ్గరికి వస్తాను. దారిలో ఒక మనిషిని పలకరించి వెళ్ళాలి. జర్మన్ చిత్రకారిణి, శిల్పి కేటె కోల్‌విట్స్.

1914 అక్టోబరులో ఆమె చిన్న కొడుకు పీటర్ బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. పద్దెనిమిదేళ్ళవాడు. సైన్యంలో చేరడానికి తండ్రి సంతకం కావాలి. తండ్రి కార్ల్ పెట్టనన్నాడు. కొడుకు తరఫున మాట్లాడి పెట్టించింది తల్లి కేటె. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఆమె శిల్పాన్ని చూడాలి. ఆ ఏడు చివరికే కొడుకు స్మారకం చెయ్యాలనుకుంది. మొదట్లో ఆమె ఊహలో కొడుకు పడుకుని ఉన్నాడు, తల దగ్గర తండ్రి, కాళ్ళ దగ్గర తల్లి. ఏళ్ళు గడిచాయి, కుదరలేదు, 1919లో ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కొడుకును తీసేసింది. తల్లి, తండ్రి మాత్రమే మిగిలారు. 1932లో పూర్తయింది. కొడుకు ఎన్నాళ్ళు బతికాడో ఆ పనికీ అన్నేళ్ళు పట్టింది.

ఆమె చేసిన నమూనా చూసి ఇద్దరు రాతిపనివాళ్ళు బెల్జియం గ్రానైట్‌లో చెక్కారు. గ్రానైట్ మీద పని అంటే ఏమిటో కృష్ణగిరి జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తండ్రి మోకాళ్ళ మీద నిటారుగా ఉన్నాడు, రెండు చేతులూ ఛాతీ చుట్టూ గట్టిగా బిగించుకుని. తల్లి బాగా ముందుకు వంగిపోయింది, ఒళ్ళంతా దుప్పటి. తండ్రి ముఖం కార్ల్‌ది, తల్లి ముఖం ఆమెదే. బెల్జియం పంపే ముందు ఆ రెంటినీ కొన్నాళ్ళు యువరాజు భవనంలోనే జనం చూడటానికి ఉంచారు. తర్వాత కొడుకు ఉన్న సైనిక శ్మశానానికి చేర్చారు. 1956లో సమాధులతో పాటు వాటినీ వ్లాడ్‌స్లో అనే చోటికి మార్చారు. 25,000 మందికి పైగా జర్మన్ సైనికులు అక్కడ ఉన్నారు. తండ్రి చూపు కొడుకు పేరున్న పలక మీద పడేటట్టు నిలబెట్టారు.

1933లో నాజీలు ఆమెను ప్రష్యన్ కళా అకాడమీ నుంచి వెళ్ళగొట్టారు. ఆ అకాడమీ సభ్యురాలిగా ఎన్నికైన మొదటి స్త్రీ ఆమె. 1942లో మనవడు చనిపోయాడు, రష్యాలో, వాడి పేరూ పీటరే. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుందనగా ఆమె పోయింది.

ఇప్పుడు మన వీరగల్లుల్ని తలుచుకోండి. ధర్మపురి, కృష్ణగిరి, తిరువణ్ణామలై జిల్లాల్లో పల్లవుల కాలం నుంచి ఇవి వరుసగా దొరుకుతాయి. గంగులు, నొలంబులు, చోళులు, హొయసళులు ఎవరు ఏలినా ఈ నేల మీద ఆవుల మందల కోసం జరిగిన పోరాటాలు ఆగలేదు, రాళ్ళు నిలబెట్టడమూ ఆగలేదు. కొన్నిటి మీద తమిళ శాసనాలు, కొన్నిటి మీద కన్నడ శాసనాలు. పాతవాటిలో వీరుడొక్కడే, విల్లో కత్తో పట్టుకుని, ఒంట్లో బాణాలు గుచ్చుకుని. తర్వాతి కాలంవాటిలో మూడు అంతస్తులు. కింద పోరాటం, మధ్యలో అప్సరసలు ఆ వీరుణ్ణి పట్టుకుని పైకి తీసుకుపోవడం, పైన లింగం ముందు వాడు కూర్చుని ఉండటం. తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో మహేంద్రవర్మ కాలపు రాయి మీద వీరుడి పక్కన కుక్క కూడా ఉంది. దొంగల్ని తరిమి నిలిచిన ఆ కుక్క పేరు కోవివన్ అని రాతి మీద రాసి ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక ఊరు కుక్క పేరు కూడా మర్చిపోదలచుకోలేదు!

కానీ తల్లి లేదు. నేను చూసినవాటిలో ఒక్క రాయి మీద కూడా చనిపోయినవాడి తల్లి కనపడలేదు, తండ్రీ కనపడలేదు. మాస్తికల్లు అయితే భార్య ఉంటుంది, గాజుల చెయ్యి పైకెత్తి. ఆమె కూడా చితికెక్కింది కాబట్టి ఉంది. ఇంట్లో మిగిలి, ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు బతికినవాళ్ళకు రాయి మీద చోటు లేదు. కోల్‌విట్స్ సరిగ్గా వాళ్ళనే నిలబెట్టింది. చనిపోయినవాణ్ణి తీసేసి, మిగిలిపోయినవాళ్ళను చెక్కింది. అప్సరసలు లేరు, స్వర్గం లేదు, కొడుకు ఏ గొప్ప పనికి చచ్చాడన్న మాట లేదు. తన చేత్తో పంపిన తల్లికి ఆ మాట రాయించడం సాధ్యపడలేదని నేననుకుంటాను.

అంతమాత్రాన మన రాళ్ళు తక్కువవని అనను. కొన్ని శాసనాల్లో చనిపోయినవాడి కుటుంబానికి ఊరు ఇచ్చిన భూమి లెక్క ఉంటుంది. కన్నడ శాసనాల్లో దాన్ని నెత్తరుగొడగె అన్నారు. రక్తానికి బదులుగా ఇచ్చిన నేల. బొమ్మలో లేని తల్లి ఆ అక్షరాల్లో ఉంది, ఆ మడిలో పండిన రాగుల్లో ఉంది. అందుకే శాసనం చదవకుండా బొమ్మ ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. చీటీ చదవమని ఇందాక చెప్పింది ఇందుకే. మన రాళ్ళకు చీటీ రాతి మీదే చెక్కి ఉంది. చదవగలిగినవాళ్ళే తగ్గిపోయారు.

కోల్‌విట్స్ చేసిన చిన్న శిల్పం ఇంకొకటి ఉంది, ఒడిలో చచ్చిన కొడుకుతో తల్లి. 1993లో దాన్ని పెద్దది చేయించి బెర్లిన్ నడిబొడ్డున నోయె వాఖె అనే స్మారక మందిరంలో పెట్టారు. పైకప్పులో గుండ్రటి రంధ్రం, కింద శిల్పం. నేను వెళ్ళిన రోజు వాన. నీళ్ళు నేరుగా ఆ తల్లి భుజం మీద పడి నేల మీదికి జారుతున్నాయి. చంపినవాళ్ళ తరఫున పోరాడి చచ్చినవాడికీ, శిబిరాల్లో చంపబడ్డ యూదులకూ ఒకటే శిల్పమా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవ న్యాయమైనది. ఎవరెవరి కోసం ఈ స్మారకమో వివరంగా రాసిన పలకలు ద్వారం దగ్గర పెట్టాక కూడా అది పూర్తిగా సద్దుమణగలేదు. అలా గొడవపడటం బతికున్న సమాజం లక్షణమని నా అభిప్రాయం.

మన దగ్గర గొడవపడేవాళ్ళు కూడా లేరు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, లేఅవుట్ వేసేటప్పుడు, చెరువు కట్ట బలపరిచేటప్పుడు రాయి అడ్డమొస్తుంది. జేసీబీ దాన్ని పక్కకు నెడుతుంది. కొన్నాళ్ళు బోర్లా పడి ఉంటుంది, తర్వాత కాలువ మీద పలకవుతుంది, లేదా కనపడదు. గత ముప్పయ్యేళ్ళలో హోసూరు చుట్టూ ఎంత మట్టి కదిలిందో మీరందరూ చూసినవాళ్ళే. పరిశ్రమలు వద్దని ఎవరూ అనరు, మన పిల్లలు బతుకుతున్నది వాటి మీదే. కదిలించే ముందు ఒక ఫోటో, ఒక కాగితం ముక్క కావాలంటున్నాను, అంతే.

కృష్ణగిరిలో ప్రభుత్వ మ్యూజియం ఉంది, అందులో వీరగల్లులు ఉన్నాయి. సెలవు రోజుల్లో పిల్లల్ని మాల్‌కు తీసుకుపోయేవాళ్ళు ఒక్కసారి అక్కడికి తీసుకుపోవాలని కోరుతున్నాను. ఇదే జిల్లాలో మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించారు. మల్లచంద్రం కొండ మీద రాతి గూళ్ళ సమాధులు బారులు తీరి ఉన్నాయి. ఇంత సంపద ఉన్న జిల్లాలో మ్యూజియం అంటే సర్కారు ఉద్యోగుల వ్యవహారం అని వదిలేయడం నాకు బాధగా ఉంది.

అలాగని కనపడ్డ రాయినల్లా బండికెక్కించి మ్యూజియానికి తోలమని చెప్పడం లేదు. మన పల్లెల్లో చాలా వీరగల్లులకు ఇంకా పూజ జరుగుతోంది. వేడియప్పన్ అని మొక్కుతారు, పొంగలి పెడతారు, పసుపు రాస్తారు. పూజ ఉన్న రాయి ఉన్నచోటే ఉండాలి. దాన్ని పెకలించి గాజు అద్దం వెనక పెడితే జనం దగ్గర్నుంచి లాక్కున్నట్టే. బెర్లిన్ కథంతా విన్నాక అలా పెకలించమని మనం తేలిగ్గా అనలేం. పూజ ఆగిపోయి, దిక్కులేకుండా పడి ఉన్న రాళ్ళ సంగతి వేరు, వాటికి మ్యూజియమే ఇల్లు. రెండు రకాల రాళ్ళకూ కావలసింది మాత్రం ఒకటే, రాత.

ఆ రాత ఎలా ఉండాలో విద్యార్థులకు చెబుతాను. రాయి ఏ ఊరిది, ఎవరి చేను, ఏ దిక్కుకు తిరిగి ఉంది, ఎత్తెంత. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, తెలుగులో, తమిళంలో, కన్నడంలో. పూజ ఉందా, ఏ రోజున. ముందు ఎక్కడ ఉండేదో, ఎప్పుడు ఎందుకు జరిపారో ఊరి ముసలివాళ్ళను అడిగి రాయాలి. ఫోటో పొద్దున్నే తియ్యాలి, లేదా పొద్దు వాలేటప్పుడు. ఎండ ఏటవాలుగా పడితేనే అరిగిన గీతలు లేచి కనపడతాయి, మిట్టమధ్యాహ్నం తీస్తే రాయి ఉత్త బండలా వస్తుంది. అక్షరాలు కనపడటం లేదని సుద్దముక్కతో దిద్దకండి. ఒకసారి తప్పు దిద్దితే ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ఆ తప్పే చదువుతారు. నకలు తీయడం శాసనాల శాఖవాళ్ళ దగ్గర నేర్చుకోండి. తడిపిన కాగితం రాయి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి, కాగితం గుంటల్లోకి దిగాక పైన సిరా అద్దుతారు. నల్లటి నేల మీద అక్షరాలు తెల్లగా పైకొస్తాయి. ఆ నల్ల కాగితాన్ని, కోల్‌విట్స్ చెక్క మీద చెక్కి తీసిన యుద్ధపు అచ్చు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మన పక్క చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, పారిస్ వెళ్ళి అచ్చు బొమ్మల పనిలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కృష్ణారెడ్డి గారి పనులు కూడా వాటి పక్కన పెట్టండి. బొమ్మ అచ్చెయ్యడమంటే ఏమిటో మూడింటి నుంచీ నేర్చుకోవచ్చు.

ఇక రెండు ప్రతిపాదనలు చేసి ముగిస్తాను. కృష్ణగిరి మ్యూజియంలో ఒక గోడ అడుగుదాం. ఈ జిల్లాలో ఒకప్పుడు ఉండి, ఇప్పుడు లేని రాళ్ళ కోసం. ఎవరి దగ్గరైనా పాత పెళ్ళి ఫోటోలోనో, జాతర ఫోటోలోనో వెనక అలాంటి రాయి కనపడితే దాన్ని పెద్దది చేయించి ఆ గోడ మీద పెట్టాలి. కింద ఊరి పేరు, ఎప్పటిదాకా ఉందో ఆ సంవత్సరం. నాలుగు భాషల్లో, అందులో తెలుగు ఒకటి. మ్యూజియం అధికారుల దగ్గరికి వెళ్ళి అడిగే బాధ్యత నేను తీసుకుంటాను.

రెండోది ఈ నిధికి సంబంధించింది. మేష్టారి పేరున ఉన్న డబ్బు మీద వచ్చే వడ్డీని ఈ ఏడు శాలువాలకు, పూలదండలకు ఖర్చు పెట్టవద్దని నిర్వాహకులకు నా మనవి. బాగలూరు, బేరికె వైపు మొదలుపెట్టి శూలగిరి, వేపనపల్లి మీదుగా, ఇటు కెలమంగలం, డెంకణికోట, తళి దాకా తిరగడానికి పిల్లలకు బస్సు ఛార్జీలు, నోటు పుస్తకాలు ఇవ్వండి. వచ్చే ఏడు ఇదే రోజున ఉపన్యాసం పెట్టవద్దు. ఆ పిల్లల్నే ఈ వేదిక మీదికి పిలిచి, ఒక్కొక్కరూ చూసిన రాయి గురించి రాసుకొచ్చింది చదివించండి. అధ్యక్షులవారు ఇప్పుడే ఒప్పుకుంటే, పేర్లు ఇవ్వదలచుకున్న విద్యార్థులు సభ అయ్యాక నా దగ్గరికి రండి, నోటు పుస్తకం తెచ్చాను.